అక్క ఇంటికి పంపిన ఆర్కిడ్లు

కర్నూలులో నేను మగ్గం వర్క్ చేస్తాను. పెళ్ళి జాకెట్ల మీద జరీ, పూసలు, ముత్యాలు కుట్టడం నా పని. ఆర్కిడ్ల సీసా మా ఇంటికి ఒక పెళ్ళికూతురి చేతుల్లో వచ్చింది. ఆ అమ్మాయి వ్యవసాయ కాలేజీలో చదివేది. కొలతలకని వచ్చినప్పుడల్లా జాకెట్టు సంగతి మరిచిపోయి, సూది పట్టిన నా వేళ్ళ వైపే చూస్తూ కూర్చునేది. పెళ్ళయ్యాక ఒకరోజు వచ్చి గుండ్రటి గాజు సీసా ఒకటి మగ్గం చట్రం పక్కన పెట్టింది. మూత బిగించి ఉంది. అడుగున తేనె రంగు జిగురు, అందులోంచి గుంపుగా లేచిన పచ్చటి మొలకలు. పెద్ద మొలక నా చిటికెన వేలి గోరంత కూడా లేదు.

"ఆర్కిడ్ పిల్లలు ఆంటీ. మా ల్యాబ్‌లో విత్తనం నుంచి తీసినవి. ఎక్కువైనాయని పారేస్తాంటే నేనొక సీసా తెచ్చుకున్నా. ఇప్పుడు మా ఆయనతో వేరే ఊరికి పోతాండా. మీ చేతులైతే వీటికి సరిపోతాయి" అంది.

ఆర్కిడ్లంటే నాకు తెలిసింది పెళ్ళి మండపాల్లో స్టేజీకి గుచ్చే ఊదారంగు పూలే. అవి ఎక్కడో ఒక చెట్టుకు పూస్తాయని, ఆ చెట్టు ఒకప్పుడు ఇంత పిసరంత ఉండి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

"ఏ రంగు పూస్తాయి?" అని అడిగాను.

"అది ఎవురికీ తెల్దు ఆంటీ. రెండు రకాలు కలిపి తీసిన విత్తనం. ఒక్కోటి ఒక్కో తీరుగా పూయొచ్చు. మూడు నాలుగేండ్లు పెంచితేగానీ తెల్దు."

ఆ మాట నన్ను పట్టుకుంది. నా పనిలో అన్నీ ముందే తెలిసి ఉంటాయి. వచ్చినవాళ్ళు ఫోన్‌లో ఫొటో చూపించి ఇదే కావాలంటారు, నేను అదే కుడతాను. చివరిదాకా తన రంగు ఏమిటో చెప్పని వస్తువు అప్పటిదాకా నా చేతికి రాలేదు.

వానలు పడి గాలిలో కాస్త తడి వచ్చేదాకా సీసా తెరవలేదు. సీసాలో పెరిగిన పిల్లలకు బయటి గాలి తెలియదని, ఒక్కసారిగా తగిలితే వాడిపోతాయని ఆ అమ్మాయి ఫోన్‌లో చెప్పింది. మా ఆయనది ఆటో ఎలక్ట్రికల్ షాపు. సీసాను పాత టవల్లో చుట్టి, చిన్న సుత్తితో ఒక దెబ్బ వేసి, గాజు పెంకులు ఏరి పక్కన పెట్టి, "ఇంక నీ పని" అని లేచాడు. ఆ జిగురు అచ్చం రంజాన్ నెలలో మేము చైనాగ్రాస్‌తో చేసే మిఠాయిలా వణికింది. వేర్లకు కొంచెం అంటుకుని ఉన్నా బూజు పడుతుందట. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, మెత్తటి కుంచెతో ఒక్కో మొలకనూ కడిగాను. వేరు దారం కన్నా సన్నం. చిక్కుపడ్డ చోట మగ్గం సూదితో విడదీశాను. ముత్యాలు కుట్టేటప్పుడు ఊపిరి బిగబట్టే అలవాటు నాకుంది. ఆ పొద్దంతా అట్లాగే కూర్చున్నాను.

తడిపిన నాచు పరిచిన మిఠాయి డబ్బాలో వాటిని వరసగా నిలబెట్టి, పైన పారదర్శకంగా ఉండే మూత పెట్టాను. రోజూ మూత కాస్త కాస్త ఎత్తి గాలి అలవాటు చేయడం. అందులో సగానికి పైగా పోయాయి. కొన్ని రాత్రికి రాత్రి నీళ్ళయిపోయి కనిపించేవి. మిగిలినవి డజను దాటవు. అవి మాత్రం మొండిగా నిలబడ్డాయి. వేర్ల చివర పచ్చటి మొన కనిపించిన రోజు మా ఆయన్ని షాపు నుంచి పిలిపించి మరీ చూపించాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చూసి, "యాడ?" అన్నాడు.

తర్వాత వాటిని పెరుగు డబ్బాల్లోకి మార్చాను. ఆర్కిడ్‌కు మట్టి అక్కరలేదు, గాలి ఆడే చోటు కావాలి. అందుకని మా వీధి చివర సీకుల మీద కబాబులు కాల్చి అమ్మే బండి ఆయన దగ్గర బొగ్గు అడిగి తెచ్చి, కడిగి, ఇటుక ముక్కలతో కలిపి నింపాను. డబ్బాల చుట్టూ మా ఆయన సోల్డరింగ్ రాడ్‌తో చిల్లులు పెట్టాను. చేతి అలవాటు కొద్దీ ఆ చిల్లులు కూడా మగ్గం మీద వేసే ఆరు రేకుల పువ్వులాగే పడ్డాయి. మొలక వాలిపోకుండా పుల్ల పాతి, మిగిలిపోయిన పట్టుదారంతో కట్టాను. మా పనిలో వేసే ముడి ఒకటి ఉంది. రెండు చుట్లు తిప్పి లోపలికి దూర్చేస్తే కొస కనిపించదు. అదే ముడి.

మా బోరు నీళ్ళు వేస్తే ఆకుల మీద తెల్లటి మరకలు పడేవి. ఎదురింటివాళ్ళ ఏసీ పైపు కింద బకెట్టు పెట్టి, ఆ నీళ్ళు తెచ్చి చల్లేదాన్ని. ఎండిన వేరు వెండి రంగులో ఉండి, నీళ్ళు తగలగానే చూస్తుండగానే పచ్చబడుతుంది. అది చూడటానికే పొద్దున టీ పెట్టుకోకముందే వాటి దగ్గరికి పోయేదాన్ని. ఇద్దరు పిల్లలూ చదువులని హాస్టళ్ళకు వెళ్ళిపోయిన కాలం అది. మగ్గం గదిలో కిటికీ పక్కన ఆ డబ్బాలుంటే ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు ఉండేది.

రెండు ఎండాకాలాలు తడి గోనెసంచులు కట్టి, కూలరు పెట్టి ఎట్లాగో దాటించాను. మూడో ఏటికి కాడలు లావెక్కాయి, వేర్లు డబ్బా లోపల చుట్టలు చుట్టుకున్నాయి. ఎండలు ముదరకముందే అట్లాంటి చిల్లులే పెట్టిన పెద్ద డబ్బాల్లోకి మార్చాలని, ఒక ఆదివారం అన్నీ నీళ్ళలో నానబెట్టి, వేర్లను గోడల నుంచి మెల్లగా ఊడదీసి, కుళ్ళిపోయి బోలుగా ఉన్నవాటిని కత్తెరతో తీసేశాను. మార్చిన పదిరోజులకే ఆ ఏటి ఎండ విరుచుకుపడింది. కరెంటు పోయిందంటే గంటలకొద్దీ రాదు. ఆకులు ముడతలు పడటం మొదలైంది.

అప్పుడే అక్క వచ్చింది.

అక్క గురించి చెప్పాలి. మాది ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబం. నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. అమ్మ ఆయనతో పాటు పనికి కూర్చుంటే నన్ను పెంచింది అక్కే. నాకు జడ వేసింది, బడికి తీసుకెళ్ళింది, సూది పట్టడం నేర్పింది. పెళ్ళయి కోడూరు వెళ్ళింది. బావ మంగంపేట వైపు ముగ్గురాయిని పిండి చేసే మిల్లులో పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. నాన్న పోయాక అమ్మ కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది.

కర్నూలులో ఏదో ఫంక్షన్‌కు వచ్చిన అక్క నా మొక్కల్ని చూసి, "ఈడ ఎట్ల బతుకుతాయి మే? నిప్పుల మింద పెట్టినట్టు ఉండాది. మా ఇంటెనక అరటితోట, చల్లగా ఉంటాది. వానలు పడేదాంక నా కాడ పెట్టుకుంటాలే" అంది.

నేను కొంచెం కూడా ఆలోచించలేదు. పాత టీవీ అట్టపెట్టెలో డబ్బాలన్నీ సర్ది, మధ్యలో పాత దుపట్టాలు కుక్కాను. నీళ్ళు ఎప్పుడు చల్లాలో, ఎండ ఎంత తగలాలో బస్టాండు దాకా చెబుతూనే ఉన్నాను. "నిన్నే పెంచినదాన్ని, వీటిని పెంచల్యానా?" అని అక్క నవ్వి, పెట్టెను కిటికీ పక్కన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను.

రోజూ ఫోన్ చేసేదాన్ని. అమ్మ ఎట్లుంది, బావ దగ్గు ఎట్లుంది, తర్వాత మొక్కలు. ఆ ఏడు బావకు దగ్గు ఎక్కువైంది. డాక్టరు దుమ్ములో పని మానుకోమన్నాడని అక్క చెప్పేది. మొక్కల గురించి అడిగితే, "బాగుండాయి, ఒకదానికి కొత్తాకు వచ్చె" అనేది. ఆ కొత్త ఆకు ఏ డబ్బాలోదో ఊహించుకుంటూ ఆ పూటంతా పని చేసుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది.

"మే, ఒకటి చెప్తా, ఏడ్వాకు. నీ చెట్లు పోయినాయి."

"ఎన్ని?"

"అన్నీ."

చేతిలో సూది చట్రానికి గుచ్చేశాను. "ఎట్లా పోయినాయి అక్కా? మొన్న కొత్తాకు వచ్చిందంటివే?" అన్నాను.

"నాకేం తెల్సు మే. వేర్ల కాడ కుళ్ళు పట్టింది. నువ్వు పంపేముందు వేర్లు కత్తిరించినావు గదా, ఆడినుంచే మొదలైంది. నేను శానా చూసినా. ముట్టుకుంటే మెత్తగా ఊడొచ్చినాయి."

అమ్మ ఫోన్ తీసుకుని, "పోనీలే తల్లీ, చెట్లే గదా. నీ చేతనైనంత నువ్వు చేసినావు, బాధపడాకు" అంది.

అక్కడినుంచి నాకు నా చేతులే కనిపించేవి. ఆ ఆదివారం కత్తెర పట్టిన తీరు, ఏ వేరు కోశాను, ఏది ఉంచాను, కత్తెరను స్పిరిట్‌తో తుడిచానా లేదా, మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకునేదాన్ని. ఒక్కోసారి తుడవలేదేమో అనిపించేది. సీసా ఇచ్చిన అమ్మాయి ఫోన్ చేసి ఎట్లున్నాయని అడిగితే, "నేనే చంపేసుకున్నానమ్మా" అని చెప్పాను. మిగిలిన నాచు, బొగ్గు, కుంచెలు ఎవరికో ఇచ్చేశాను. ఎదురింటి ఏసీ నీళ్ళు మళ్ళీ వీధిలోకి పారాయి. అక్కను ఊరికే కష్టపెట్టానని, నాకోసం అంత చూసుకుందని, పండగకు ఒక జాకెట్టు మీద నెమళ్ళు కుట్టి పంపాను. అక్క దాన్ని వేసుకుని ఫొటో పంపింది. "శానా బాగుండాది మే" అంది.

ఆ తర్వాత రెండేళ్ళు గడిచాయి. ఇంట్లోకి కరివేపాకు మొక్క కూడా తేలేదు. మా ఆయన ఒకసారి గులాబీ తెచ్చి పెడితే, "నా చేతికి ఇయ్యొద్దు, నువ్వే నీళ్ళు పోసుకో" అన్నాను.

అప్పుడు కడప నుంచి ఒకామె ఫోన్ చేసింది. కూతురి పెళ్ళి, జాకెట్లన్నీ నాచేతే కుట్టించాలని ఎవరో చెప్పారట. ఇంటికి వచ్చి కొలతలు తీసుకోమంది. పెద్ద పని. కడప దాకా వెళ్తే అట్లాగే కోడూరు పోయి అమ్మను చూసి రావచ్చని బయల్దేరాను.

వ్యాపారుల ఇల్లు, చలువరాతి వరండా. చెప్పులు విడుస్తూ తలెత్తితే గోడ నీడన వరసగా పూలు. పొడుగాటి కాడలకు బారులు బారులుగా, కొన్ని తెల్లగా లోపల ఊదా గొంతుతో, ఒకటి లేత పసుపు, ఒకటి నేరేడు రంగు. ఎంత అందంగా ఉన్నాయంటే మొదట సంతోషమే కలిగింది. బతికించుకున్నవాళ్ళు ఉన్నారు, ఎంత అదృష్టమో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళాను.

డబ్బాల చుట్టూ ఆరు రేకుల చిల్లులు ఉన్నాయి.

నమ్మలేక కింద కూర్చున్నాను. పాత కాడల మొదట్లో పుల్లలు అట్లాగే ఉన్నాయి. వెలిసిపోయిన పట్టుదారం. దాని ముడి మీద వేలు పెట్టి తడిమాను. కొస కనిపించలేదు.

ఇంటావిడ వెనకే వచ్చి నిలబడింది. "బాగుండాయా? అందరూ అడుగుతారు వీటి గురించి. మా మిల్లులో లారీలు తూచే కాటా దగ్గర పనిచేసే ఆయన పెండ్లాము తెచ్చిచ్చింది. ఆయమ్మే సీసా నుంచి పెంచిందంట, నమ్ముతావా? సీకుల బండి కాడ బొగ్గు తెచ్చి, కడిగి, అంత ఓపికగా పెంచిందంట. ఇంట్లో చూసుకొనేకి కుదరక మాకు ఇచ్చింది. పాపం, మంచి మనిషి."

"ఏ మిల్లమ్మా మీది?" అని అడిగాను. 

మంగంపేట దగ్గర ముగ్గురాయి మిల్లు అని చెప్పింది. అప్పటికి నాకు అర్థమైపోయింది. బావ దుమ్ము పని నుంచి కాటా గదికి మారాడని అక్క చెప్పింది నా మొక్కలు పోయిన ఏడే అని కూడా గుర్తొచ్చింది. అదృష్టం కలిసొచ్చిందని అప్పుడు నేనూ సంతోషపడ్డాను.

ఆ నిమిషంలో నోరు తెరిచి ఉంటే అంతా బయటపడేది. ఇవి నావి అంటే చాలు. కానీ అక్క అబద్ధం చెప్పిందని ఆమెకు తెలిస్తే, కాటా గదిలో బావ కుర్చీ ఏమవుతుంది? నోరు మూసుకున్నాను. కోపం వస్తే అరిచే మనిషిని నేను. నా మొక్కల ముందు, నా ముడి మీద వేలు పెట్టుకుని, అరవడానికి కూడా వీల్లేకుండా కూర్చోబెట్టింది మా అక్క. ఆ రోజు అన్నిటికన్నా అదే ఎక్కువ మండింది.

"వేర్లన్నీ బయటికొచ్చేసినాయమ్మా. తోటమాలి ముట్టుకొనేకి భయపడతాడు. తెలిసినవాళ్ళు ఉంటే బాగుండు" అంది ఆమె.

"నేను మారుస్తాను" అన్నాను.

కొలతలు తీసుకున్నాక ఆమె బొగ్గు, కొత్త కుండీలు తెప్పించింది. వరండాలో గోనె పరచుకుని కూర్చున్నాను. పూలున్న కాడల్ని వదిలేసి, పూత అయిపోయిన నాలుగింటిని మాత్రం తీశాను. నానబెట్టి, పాత డబ్బాను కత్తిరించి, వేర్లను ఊడదీశాను. రెండేళ్ళ తర్వాత వేర్ల కోసం కత్తెర పట్టుకుని, ముందు దాన్ని స్పిరిట్‌తో తుడిచాను. అప్పుడు కనిపించాయి, ఆ ఆదివారం నేను కోసిన చోట్లు. చక్కగా ఎండి, గట్టిపడి ఉన్నాయి. ప్రతి కోత పైనుంచీ కొత్త వేర్లు రెండు మూడు పుట్టి, లావుగా, తెల్లగా కిందికి దిగాయి. ఎక్కడా కుళ్ళు మచ్చ లేదు. నేను బాగానే చేశాను. అంత బాగా చేశానని చూడటానికి రెండేళ్ళు పట్టింది.

"ఏమ్మా, ఏడుస్తాండావా?" అని ఆమె అడిగింది.

"బొగ్గు పడింది కంట్లో" అన్నాను.

బయల్దేరేటప్పుడు ఆమె ఒక పిలక ఇస్తానంది. ఒక కాడ మీద చిన్న పిల్ల మొలిచి ఉంది. వద్దన్నాను. అది నాకు ఇంకొకరు దానంగా ఇవ్వాల్సింది కాదు.

కోడూరు చేరేసరికి సాయంత్రం. అక్క ఎదురొచ్చి సంచీ అందుకుంది. అమ్మ మంచం మీద కూర్చుని ఉంది, బావ అప్పుడే డ్యూటీ దిగి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆయన కనుబొమ్మలు నల్లగా ఉన్నాయి. అక్క టీ తెచ్చి నా ముందు పెట్టింది.

"కడపలో ఎవురింటికి పోయినావు మే?"

చెప్పాను. ఏ ఇల్లో, వాళ్ళది ఏ మిల్లో చెప్పాను. అక్క చేతిలో ఇంకో గ్లాసు ఉంది, దాన్ని అట్లాగే పట్టుకుని నిలబడింది.

"వరండాలో పూలు బాగా పూసినాయి అక్కా" అన్నాను.

"ఏం పూలు?"

"అక్కా."

అక్క గ్లాసు కింద పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.  బావ వాకిట్లోంచి లోపలికి రాలేదు.

చివరికి అక్కే మొదలుపెట్టింది. "మీ బావ రక్తం పడేట్లు దగ్గుతాండ్య. ఆయమ్మ ఒక మాట చెప్తే వాళ్ళాయన ఇంటాడని మిల్లులో అన్నారు. వట్టి చేతులతో ఎట్ల పోయేది? ఇంట్లో ఏముండాది ఇచ్చేకి? పెద్దోళ్ళింట్లో లేంది ఏముండాదో చూస్తే నీ చెట్లు కనపడినాయి."

"నన్ను అడిగింటే ఇయ్యనా? బావ కోసమంటే నేనే పెట్టె మోసుకోని వచ్చి ఇచ్చేదాన్ని కాదా?"

"అడుగుదామనే ఫోన్ తీసినా. నువ్వు ముందే 'కొత్తాకు ఎంత పెరిగింది అక్కా' అని అడిగితివి. నాకు నోరు రాల్యా. తరువాత ఇచ్చేసొచ్చినా. ఇచ్చినాక చెప్పేకి ఇంకా నోరు రాల్యా."

"సరే, ఇచ్చినావు. చచ్చిపోయినాయన్నావు. అదీ సరే అనుకుంటా. నా చేతులు ఎందుకు అన్నావు అక్కా? నేను వేర్లు కోసినందుకే పోయినాయని ఎందుకు చెప్పినావు?"

"నువ్వు ఎట్ల పోయినాయి, ఎట్ల పోయినాయి అని అడుగుతానే ఉంటివి. ఏదో ఒకటి చెప్పల్ల గదా. అది నోటికొచ్చింది. నువ్వు అంత మనసుకు పెట్టుకుంటావని నాకు తెల్దు."

"తెల్దా? సూది పట్టడం నేర్పినదానివి నువ్వే. నా చేతులంటే నాకెంతో నీకు తెల్దా?"

అప్పుడు అమ్మ వైపు తిరిగాను. "నీకు కూడా తెల్సా అమ్మా?"

అమ్మ తల వంచుకుంది. "అల్లుడు మంచం మింద ఉండె. మీ అక్క చెప్పాకు అని నా కాళ్ళు పట్టుకునె. నేనేం చేసేది తల్లీ?"

అంత దగ్గుతోనే లేచి పెట్టెను కడప బస్సు దాకా మోసింది బావేనట. ఆ మాట ఆయనే వాకిట్లోంచి చెప్పాడు. "నాదే తప్పు చెల్లెమ్మా. నేను వద్దనల్సింది" అన్నాడు. అంటే ఇంట్లో ఉన్న ముగ్గురికీ తెలుసు. నేను ఫోన్ చేసి చచ్చిపోయిన మొక్కల గురించి ఏడ్చిన రోజుల్లో ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని ఉంటారు. నెమళ్ళ జాకెట్టు పార్సిల్ విప్పినప్పుడు కూడా.

ఇంకొకటి ఉంది, అది అడగకుండా ఉండలేకపోయాను. "సీకుల బండి బొగ్గు సంగతి ఆమెకు ఎందుకు చెప్పినావు? అది నువ్వు తెచ్చినావా?"

"ఎట్ల పెంచినావని ఆయమ్మ అడిగె. నువ్వు చెప్పినవే నాకు తెల్సినవి" అంది అక్క, దాదాపు వినపడనంత నెమ్మదిగా.

మరుసటి పొద్దున మొదటి బస్సుకే వచ్చేశాను. అక్క బస్టాండు దాకా వచ్చింది, సంచీ తనే మోసింది. నేను వద్దనలేదు, తిరిగి చూడకుండా బస్సెక్కాను. దారి పొడుగునా బావ మొహమే కళ్ళముందు మెదిలింది. ఆయన నిజంగానే కోలుకున్నాడు. వాకిట్లో మాట్లాడినంతసేపట్లో ఒక్కసారి కూడా దగ్గలేదు. అది చూసి సంతోషం వేయకపోతే నేను మనిషినే కాదు. కానీ ఆ సంతోషంలో నాకు రావాల్సిన వాటా నాకు దక్కలేదు. నేనే ఇచ్చి ఉంటే, బావ ఊపిరికి నా మొక్కలు సాయపడ్డాయని జీవితాంతం చెప్పుకునేదాన్ని. ఆ మాట చెప్పుకునే వీలు కూడా నాకు లేకుండా చేశారు.

పెళ్ళి జాకెట్లు గడువుకే కుట్టి ఇచ్చాను. ఆ ఇంటావిడకు ఇప్పటికీ ఏమీ తెలియదు.

అక్క ఫోన్ చేస్తే కొన్నాళ్ళు మా ఆయనకు ఇచ్చేదాన్ని. తర్వాత తర్వాత మాట్లాడాను. అమ్మ ఉంది, పండగలున్నాయి, ఎంతకాలం మాట్లాడకుండా ఉంటాం. కానీ మాటల్లో ఏదో మారింది. అక్క కూర బాగా కుదిరిందన్నా, పక్కింటావిడకు పాప పుట్టిందన్నా, నాలో ఒకరు చెవి ఒగ్గి నిజమేనా అని చూస్తుంటారు. అది ఆపుదామంటే నా చేతిలో లేదు.

సీసా ఇచ్చిన అమ్మాయికి ఫోన్ చేసి, మొక్కలు పోలేదని, ఒకరింట్లో పూశాయని చెప్పాను. ఎవరింట్లో, ఎట్లా అన్నది చెప్పలేదు. తన సంతోషానికి హద్దు లేదు. ఏ రంగులని అడిగి ఒక్కోటీ చెప్పించుకుంది. వానాకాలం రాగానే ఇంకో సీసా కొరియర్ చేసింది.

అది తెరిచిన రోజు అక్క మా ఇంట్లో ఉంది. అమ్మను కంటి చెకప్‌కు కర్నూలు తీసుకొచ్చింది. నేను నాచు తడిపి, కుంచె తీసుకుని కూర్చుంటే, అడగకుండానే వచ్చి ఎదురుగా కూర్చుంది. జిగురు కలిసిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు గోరువెచ్చగా కలిపి తెచ్చింది. వేళ్ళు ముంచి వేడి చూసి మరీ పెట్టింది. నాకన్నా నెమ్మదైన చేతులు దానివి, చిన్నప్పటినుంచీ అంతే. రెండు మొలకలు చిక్కుపడి రాకపోతే తనకిచ్చాను. వేరు తెగకుండా విడదీసింది.

చివరిది డబ్బాలో నిలబెట్టాక, తల ఎత్తకుండానే, "మళ్ళీ ఎండలు వస్తాయి గదా మే. మా ఇంటికి..." అని ఆగింది.

"ఈడనే ఉంటాయిలే అక్కా" అన్నాను.

అక్క కింద పరిచిన తడి గోనె తీసి పిండి, డాబా మీద ఆరేయడానికి పోయింది.